గవర్నర్ పిలుపా, ప్రెసిడెంట్ పిలుపా: టెక్సాస్‌లో ఏ గార్డ్‌లో చేరాలి?

మా మేనల్లుడు కాలేజీ రెండో ఏడాదిలో ఉండగా ఒక శనివారం పొద్దున మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, వీడు మిలిటరీలో చేరతానంటున్నాడు. నువ్వొచ్చి ఒకసారి మాట్లాడు." నేను వెళ్లేసరికి భోజనాల బల్ల మీద మూడు కరపత్రాలు పరిచి ఉన్నాయి. టెక్సాస్ ఆర్మీ నేషనల్ గార్డ్, టెక్సాస్ ఎయిర్ నేషనల్ గార్డ్, టెక్సాస్ స్టేట్ గార్డ్. మా బావ నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని జీతం, కాలేజీ ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్ అని రాసి ఒక్కోదానికి మార్కులు వేస్తున్నాడు. మా అక్కకి మాత్రం ఒకటే ప్రశ్న. "ఇరాక్‌కి పంపరు కదా?"

మా బావ గీసిన గళ్లకన్నా మా అక్క అడిగిన ప్రశ్నే సరైనది. ఈ మూడింటినీ పోల్చేటప్పుడు డబ్బు దగ్గర మొదలుపెట్టకూడదు. మనల్ని ఎవరు పిలవగలరు? పిలిస్తే ఎంత దూరం, ఎంతకాలం వెళ్లాలి? రానని చెప్పే వీలుంటుందా? ముందు ఇది తేలితే మిగతా లెక్కలు వేసుకోవడం తేలిక. నేను ఆరేళ్లుగా స్టేట్ గార్డ్‌లో వాలంటీర్‌ని కాబట్టి అందులో మంచీ చెడూ చూశాను. నేషనల్ గార్డ్ సంగతులు మేనల్లుడి వెంట తిరిగి, కాగితాలన్నీ కూర్చుని చదివి తెలుసుకున్నాను. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల మన పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. ఈ మాట ఇప్పుడు చాలా ఇళ్లలో వస్తోంది. ఆ ఇళ్ల కోసమే ఇది.

రాష్ట్రానికి సొంత సేన ఏమిటి?

ఊళ్లో ఉన్న అమ్మమ్మా తాతయ్యలకు ఈ విషయం చెప్పడం ఒక పని. మిలీషియా అంటే వాళ్లకు పేపర్లో చదివిన మావోయిస్టు గ్రామ దళాలు గుర్తొస్తాయి. గార్డ్ అంటే సెంటర్లో ట్రాఫిక్ చూసే హోంగార్డు. రెండూ కావు. ఇండియాలో సైన్యం పూర్తిగా కేంద్రానిది. ఆంధ్రకైనా తెలంగాణకైనా చేతిలో ఉన్నది సాయుధ పోలీసు బెటాలియన్లే. అమెరికాలో దేశం పుట్టకముందే కాలనీలకు తమ తమ సేనలుండేవి. మసాచుసెట్స్‌లో 1636 డిసెంబరు 13న ఏర్పడిన దళాల్ని లెక్కపెట్టుకుని నేషనల్ గార్డ్ ఇప్పటికీ ఆ రోజునే పుట్టినరోజు చేసుకుంటుంది.

తర్వాత రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఈ సేనల మీద అధికారాన్ని పంచారు. చట్టాలు అమలు చేయడానికి, తిరుగుబాటు అణచడానికి, దండయాత్రను ఎదుర్కోవడానికి వాటిని పిలిపించే అధికారం కాంగ్రెస్‌కు ఇచ్చారు. అధికారుల్ని నియమించడం, శిక్షణ ఇవ్వడం రాష్ట్రాలకు వదిలారు. 1903, 1916 చట్టాలతో ఫెడరల్ డబ్బు, ఫెడరల్ ఆయుధాలు, ఫెడరల్ ప్రమాణాలు వచ్చి ఆ పాత మిలీషియాలే నేటి నేషనల్ గార్డ్ అయ్యాయి. 1933 తర్వాత అందులో చేరిన ప్రతి మనిషీ ఏకకాలంలో రెండు చోట్ల చేరినట్టు. ఒకటి తన రాష్ట్రపు గార్డ్, రెండోది అమెరికా సైన్యపు రిజర్వ్. ఈ రెండో సంగతి రిక్రూటర్లు దాచరు గానీ, అదే పనిగా చెప్పరు కూడా.

టెక్సాస్‌లో ఈ సేనకు అధిపతి గవర్నర్. ఆయన తరఫున రోజువారీ పాలన చూసేది అడ్జుటెంట్ జనరల్. గవర్నర్ నియమిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి, పదవీకాలం రెండేళ్లు. ఆఫీసు ఆస్టిన్‌లోని క్యాంప్ మేబ్రీలో. దీన్నంతా కలిపి టెక్సాస్ మిలిటరీ డిపార్ట్‌మెంట్ అంటారు. దాని కింద నేను చెప్పిన మూడు విభాగాలూ, అన్నీ కలిపి 20 వేలమందికి పైగా ఉంటారు. ఈ ఏర్పాటు అన్ని రాష్ట్రాల్లో అచ్చు ఇలాగే ఉండదు. వెర్మాంట్‌లో అడ్జుటెంట్ జనరల్‌ను శాసనసభ్యులు ఓటేసి ఎన్నుకుంటారు. సౌత్ కరోలైనాలో మొన్నమొన్నటి దాకా ప్రజలే ఓటేసి గెలిపించేవారు.

ఒక జాగ్రత్త. మిలీషియా అని పేరు పెట్టుకుని అడవిరంగు బట్టల్లో తుపాకులతో తిరిగే ప్రైవేటు గుంపులు ఈ దేశంలో ఉన్నాయి. వాటికీ రాష్ట్ర ప్రభుత్వానికీ ఏ సంబంధమూ లేదు. రాష్ట్ర సేనలు కాకుండా వేరే ఎవరూ సైనిక దళంగా ఏర్పడకూడదని టెక్సాస్ చట్టంలోనే ఉంది. ఫ్రెండ్స్ పిలిచారని మన పిల్లలు సరదాకైనా అటు వెళ్లకూడదు. గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లు అసలే వెళ్లకూడదు.

ఒకే మనిషి, మూడు రకాల పిలుపులు

నేషనల్ గార్డ్ అర్థం కావాలంటే ఇది అర్థం కావాలి. అదే సైనికుడు, అదే యూనిఫాం, అదే ట్రక్కు. కానీ ఏ ఆర్డరు మీద బయల్దేరాడన్న దాన్నిబట్టి యజమాని మారతాడు, జీతమిచ్చే చెయ్యి మారుతుంది, దెబ్బ తగిలితే చూసుకునే వాళ్లూ మారతారు.

మొదటిది స్టేట్ యాక్టివ్ డ్యూటీ. గవర్నర్ పిలుస్తారు, రాష్ట్రం జీతమిస్తుంది. వరదలు, తుపాన్లు, కార్చిచ్చులు ఎక్కువగా దీని కిందే. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు గవర్నర్ టెక్సాస్ గార్డ్ మొత్తాన్ని, దాదాపు 12 వేలమందిని, పిలిచారు. రెండోది టైటిల్ 32, ఫెడరల్ చట్టాల పుస్తకంలో ఒక భాగం పేరు అది. హుకుం గవర్నర్‌దే, డబ్బు ఫెడరల్ ప్రభుత్వానిది. నెలనెలా చేసే డ్రిల్ దీని కిందే నడుస్తుంది. మూడోది టైటిల్ 10, అదీ ఆ పుస్తకంలోని భాగమే. ఇక్కడ గవర్నర్ పక్కకు తప్పుకుంటారు. ప్రెసిడెంటే అధిపతి, మామూలు ఆర్మీ సైనికుడికీ మీకూ తేడా ఉండదు. ఇరాక్, అఫ్గానిస్తాన్, కొసోవో, ఆఫ్రికా దేశాలు, అన్నీ దీని కిందే.

ఇద్దరు యజమానులుంటే ఏమవుతుందో చరిత్రలో బాగా తెలిసిన ఉదాహరణ 1957 నాటి లిటిల్ రాక్. తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు హైస్కూల్లో అడుగుపెట్టకుండా ఆర్కాన్సా గవర్నర్ ఓర్వల్ ఫాబస్ తన నేషనల్ గార్డ్‌ను అడ్డం నిలబెట్టాడు. ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ ఆ గార్డ్‌నే ఫెడరల్ సేవలోకి లాగేసుకుని, 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికుల్ని దింపాడు. నిన్నటి దాకా పిల్లల్ని ఆపిన అదే గార్డ్ ఇప్పుడు వాళ్లకు కాపలా. తుపాకీ పట్టుకున్న కుర్రాడికి తన ఇష్టాయిష్టాలు చెప్పే అవకాశం రెండుసార్లూ లేదు.

పాత కథ అనుకోవద్దు. 2025 జూన్‌లో కాలిఫోర్నియా గవర్నర్ వద్దంటున్నా ప్రెసిడెంట్ ఆ రాష్ట్ర గార్డ్‌ను ఫెడరల్ చేసి లాస్ ఏంజెలెస్‌కు పంపారు. అదే ఏడాది అక్టోబరులో మన టెక్సాస్ గార్డ్ నుంచి సుమారు 200 మందిని ఇల్లినాయిస్‌కు పంపితే, అక్కడి గవర్నర్ కోర్టుకెళ్లారు, వీధుల్లో దించకుండా కోర్టు ఆపింది. గవర్నర్‌కు ఇష్టం లేకపోతే విదేశాల్లో ట్రైనింగ్‌కి పంపకుండా ఆపగలరా అన్న ప్రశ్న కూడా ఎప్పుడో తేలిపోయింది. మిన్నెసోటా గవర్నర్ రూడీ పెర్పిచ్ వేసిన కేసులో 1990లో సుప్రీంకోర్టు ఆపలేరని చెప్పింది.

గవర్నర్ పిలుపు చిన్నదని కూడా అనుకోవద్దు. 2021 మార్చిలో టెక్సాస్ మొదలుపెట్టిన ఆపరేషన్ లోన్ స్టార్ కింద వేలమంది గార్డ్ సైనికుల్ని నెలల తరబడి మెక్సికో సరిహద్దులోని రియో గ్రాండే నది ఒడ్డున నిలబెట్టారు. చాలామందికి అది ఇష్టపడి వెళ్లిన డ్యూటీ కాదు. మొదట్లో జీతాలు సరిగా అందలేదని పేపర్లలో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఈగిల్ పాస్ దగ్గర నదిలో కొట్టుకుపోతున్న వాళ్లను కాపాడబోయి ఒక యువ సైనికుడు మునిగిపోయాడు. స్టేట్ డ్యూటీలో గడిపిన రోజులు జీఐ బిల్ (సైనికుల చదువుకిచ్చే సాయం) లాంటి ఫెడరల్ లాభాల లెక్కలోకి రావు. కాబట్టి 'దేశం దాటకపోతే చాలు' అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి కూడా చూసుకోవాలి.

ఆర్మీ నేషనల్ గార్డ్

మూడింటిలో పెద్దది ఇదే. క్యాంప్ మేబ్రీ కేంద్రంగా ఉన్న 36వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ ఇందులోదే. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ పోరాడిన డివిజన్. భుజం మీద బాణం ములికి ఆకారం, మధ్యలో టి అక్షరం. ఆ బ్యాడ్జి పెట్టుకోవడం ఇక్కడి కుటుంబాల్లో తరతరాల గౌరవం.

నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు అని అందరూ చెప్పే మాట నిజమే గానీ సగం నిజం. మొదట పది వారాల బేసిక్ ట్రైనింగ్, ఆ తర్వాత ఎంచుకున్న పని నేర్పే స్కూల్. ఆ స్కూల్ పనినిబట్టి కొన్ని వారాల నుంచి ఏడాది దాకా పడుతుంది. కాలేజీ పిల్లలకు కనీసం ఒక సెమిస్టర్ పోతుందని ముందే అనుకోండి. మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు. చాలా కాంట్రాక్టుల్లో ఆరేళ్లు డ్రిల్‌కి రావాలి, మిగతా రెండేళ్లు పేరు రిజర్వ్ జాబితాలో ఉంటుంది.

డ్రిల్ వారాంతంలో రెండు రోజులుంటాయి గానీ నాలుగు డ్రిల్స్‌గా లెక్కగడతారు. ఒక్కోదానికి నెల జీతంలో ముప్పయ్యో వంతు. కొత్తగా చేరినవాళ్లకు వారాంతానికి 300 డాలర్లకు కాస్త అటూ ఇటూ వస్తుంది. ఆ డబ్బు కోసమైతే చేరక్కర్లేదు. అసలు లాభం వేరేచోట ఉంది. ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ అనే హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్కరికి నెలకు 60 డాలర్ల లోపు, కుటుంబానికి 300 లోపు. బయట ఒక కుటుంబానికి ఎంతవుతుందో తెలిసినవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు. ఆరేళ్ల కాంట్రాక్టు మీద చదువుకు నెలనెలా జీఐ బిల్ డబ్బు, ఫెడరల్ ట్యూషన్ సాయం ఉన్నాయి. 20 ఏళ్లు పూర్తిచేస్తే సాధారణంగా 60వ ఏట నుంచి పెన్షన్.

ఇది ఎవరికి? దేహదారుఢ్యం ఉండి, ప్రెసిడెంట్ పిలిచినా గవర్నర్ పిలిచినా వెళ్లడానికి మనసు నిజంగా సిద్ధంగా ఉన్నవాళ్లకు. ఫీజు కోసమే చేరే పిల్లల్ని నేను గట్టిగా ఆపుతాను. ఫీజుకి లోన్ దొరుకుతుంది.

ఎయిర్ నేషనల్ గార్డ్

టెక్సాస్‌లో దీనికి మూడు పెద్ద స్థావరాలున్నాయి. ఫోర్ట్‌వర్త్‌లో 136వ ఎయిర్‌లిఫ్ట్ వింగ్, సి-130 రవాణా విమానాలు. హ్యూస్టన్ పక్కన ఎలింగ్టన్‌లో 147వ అటాక్ వింగ్, ఎంక్యూ-9 డ్రోన్లు. శాన్ ఆంటోనియోలో 149వ ఫైటర్ వింగ్, ఎఫ్-16లు. ఇద్దరు యజమానులు, మూడు రకాల పిలుపులు, ఇన్సూరెన్స్, పెన్షన్, అన్నీ ఆర్మీ గార్డ్ లాగే. బేసిక్ ట్రైనింగ్ ఏడున్నర వారాలు.

తేడా అంతా పనిలో ఉంది. విమానం మరమ్మతు, కమ్యూనికేషన్స్, సైబర్, మెడికల్ లాంటి నైపుణ్యాలు బయట ఉద్యోగానికి సూటిగా పనికొస్తాయి. చిక్కేమిటంటే ఇది చిన్న విభాగం, ఖాళీలు తక్కువ. మీకు దగ్గర్లోని వింగ్‌లో మీకు కావలసిన పని ఖాళీ అయ్యేదాకా ఓపిక పట్టాలి. ఖాళీ లేదని చెప్పగానే వేరే ఏదో పనికి సంతకం పెట్టేసి తర్వాత బాధపడేవాళ్లు ఉంటారు. ఆరు నెలలు ఆగినా నష్టం లేదు.

మన ఐటీ ఇళ్ల పిల్లలందరి కళ్లూ సైబర్ మీదే. దానికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి కావాలి, క్లియరెన్స్‌కు పౌరసత్వం కావాలి. ఇక్కడే పుట్టిన పిల్లలకు ఇబ్బంది లేదు. గ్రీన్ కార్డ్ పిల్లలకు పౌరసత్వం వచ్చేదాకా ఆ తలుపు మూసే ఉంటుంది.

స్టేట్ గార్డ్

ఇక నేనున్న చోటు. రెండో ప్రపంచయుద్ధంలో నేషనల్ గార్డ్‌ను ఫెడరల్ సేవలోకి తీసుకెళ్లిపోతే ఊరు చూసుకోవడానికి ఎవరూ మిగల్లేదు. అందుకే 1941లో టెక్సాస్ డిఫెన్స్ గార్డ్ పుట్టింది, 1943లో స్టేట్ గార్డ్ అని పేరు మారింది. రాష్ట్రాలు ఇలాంటి సేన పెట్టుకోవచ్చని, దాన్ని ఆ రూపంలో ఫెడరల్ సేవలోకి పిలవడానికి వీల్లేదని ఫెడరల్ చట్టమే చెబుతోంది. మా అక్క ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు ఇంకెక్కడా దొరకదు. ప్రెసిడెంట్ మమ్మల్ని పిలవలేరు. మా పైవాడు గవర్నర్ ఒక్కడే.

నేను ఎందుకు చేరానో చెబుతాను. హార్వీ వానల్లో బార్కర్ రిజర్వాయర్ నిండి నీళ్లు వెనక్కి ఎగదన్నినప్పుడు కేటీ దగ్గర మా వీధి మునిగింది. పడవలో బయటపడి, బస్సులో షెల్టర్‌కి చేరేసరికి రాత్రయింది. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయనకు అరవై దాటి ఉంటాయి, తెల్ల మీసాలు, తడిసిన యూనిఫాం. వచ్చిన ప్రతివాళ్ల మణికట్టుకీ బార్‌కోడ్ ఉన్న పట్టీ కట్టి, స్కాన్ చేసి పేరు ఎక్కిస్తున్నాడు. మా ముందు ఒక తెలుగు పెద్దావిడ. కూతురి ఇంటికి ఆరు నెలలకని వచ్చింది పాపం. కూతురూ అల్లుడూ వేరే పడవలో ఎక్కారు, ఏ షెల్టర్‌కి వెళ్లారో తెలీదు. ఇంగ్లిష్ రాదు. పట్టీ కడుతుంటే అరెస్టు చేస్తున్నారేమోనని వణికిపోతోంది. నేను వెళ్లి తెలుగులో చెప్పాను. "అమ్మా, ఇది మీ అమ్మాయి ఎక్కడుందో వెతకడానికే." ఆయన కూతురి పేరు అక్షరం అక్షరం అడిగి కొట్టాడు, నలభై నిమిషాల్లో ఆచూకీ తెలిసింది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. రాత్రి రెండింటికి ఆయన్ని అడిగాను, దీనికి ఎంతిస్తారని. పిలిచిన రోజులకు ఏదో ఇస్తారు, నెలనెలా ట్రైనింగ్‌కి ఏమీ ఇవ్వరు అన్నాడు. స్టేట్ గార్డ్ అన్న మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే.

పెద్దవయసు వాళ్లకు తలుపు తీసి ఉండేది ఇక్కడే. 18 నుంచి 70 ఏళ్ల దాకా తీసుకుంటారు. పది వారాల బేసిక్ ట్రైనింగ్ ఉండదు, కొన్ని రోజుల ఓరియంటేషన్ ఉంటుంది. ఆ తర్వాత నెలకో వారాంతం డ్రిల్, ఏడాదికోసారి కొన్ని రోజుల శిక్షణ. చేసే పని షెల్టర్లు నడపడం, తప్పిపోయిన వాళ్లను వెతకడం, పడవల్లో కాపాడటం, నీళ్లూ సరుకులూ పంచడం. డాక్టర్లు, నర్సులు, లాయర్లు, రేడియో తెలిసినవాళ్లు, ట్రక్కు నడిపేవాళ్లు, అందరికీ చోటుంది. నేను చూసినంతవరకు చిన్న పిలుపులకు ఎవరు రాగలరని అడిగే పంపుతారు. కానీ ఇది క్లబ్ కాదు. క్రమశిక్షణ, ర్యాంకులు, సెల్యూట్ అన్నీ ఉంటాయి, గవర్నర్ ఆర్డరు వస్తే అది ఆర్డరే.

లోటు కూడా చెప్పాలి. డ్రిల్‌కి జీతం లేదు. ట్రైకేర్ లేదు, ఫెడరల్ పెన్షన్ లేదు, జీఐ బిల్ లేదు. యూనిఫాం, బూట్లు, పెట్రోలు ఎవరి ఖర్చో చేరకముందే అడిగి తెలుసుకోండి. నా మొదటి ఏడాదిలో దీని గురించి స్పష్టంగా అడగక ఇంట్లో బాగానే మాటలు పడ్డాను. ఇంకోటి, నేషనల్ గార్డ్‌లోనో ఆర్మీ రిజర్వ్‌లోనో ఉన్నవాళ్లు ఇందులో చేరకూడదు.

ఇది టెక్సాస్ సంగతి. అన్ని రాష్ట్రాల్లో స్టేట్ గార్డ్ లేదు, సుమారు ఇరవై చోట్లే నడుస్తోంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, వర్జీనియా, జార్జియా, మేరీల్యాండ్, ఒహాయో, వాషింగ్టన్‌లలో ఉంది. ఫ్లోరిడా 2022లో మళ్లీ మొదలుపెట్టింది. మనవాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో లేదు. అక్కడ సేవ చేయాలనుకునే పెద్దవాళ్లకు ఊరి వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంటో, సెర్ట్ అనే విపత్తు సహాయ వాలంటీర్ల ట్రైనింగో దారి.

మన ఇళ్లలో వచ్చే లెక్కలు

ముందుగా వీసా. హెచ్‌1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు నేషనల్ గార్డ్‌లో చేరలేరు. కొన్ని భాషలూ వైద్యనైపుణ్యాలూ ఉన్న వీసాదారుల్ని సైన్యంలోకి తీసుకునే మావ్ని అనే పథకం 2008లో వచ్చి, 2016లో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేసింది. ఇప్పటికీ అది ఉందని చెప్పి డబ్బులడిగే వాళ్లెవరైనా తగిలితే నమ్మవద్దు. గ్రీన్ కార్డ్ ఉంటే సిపాయిగా చేరొచ్చు, ఆఫీసర్ కావాలంటే పౌరసత్వం ఉండాలి.

పౌరసత్వం త్వరగా వస్తుందన్న మాట నిజమే. మామూలుగా గ్రీన్ కార్డ్ వచ్చాక ఐదేళ్లు ఆగాలి. నేషనల్ గార్డ్ సేవతో ఆ ఎదురుచూపు బాగా తగ్గుతుంది, అప్లికేషన్ ఫీజూ ఉండదు. అయితే ఈ దారిన పౌరసత్వం తెచ్చుకుని, ఐదేళ్ల సేవ పూర్తికాకముందే చెడ్డపేరుతో బయటికి పంపేస్తే ఆ పౌరసత్వాన్నే వెనక్కి తీసుకునే వీలు చట్టంలో ఉంది. స్టేట్ గార్డ్ సేవ ఇందుకు లెక్కకు రాదు.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి ఓసీఐ కార్డ్, వేరే దేశపు పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా ఇండియా వెళ్లడానికి ఇచ్చేది. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు, రిటైరైనవాళ్లకు ఓసీఐ ఇవ్వకూడదని భారత ప్రభుత్వ నిబంధన. పెళ్లిళ్లకీ, పొలం పనులకీ గుంటూరో కరీంనగరో వెళ్లివచ్చే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. మామూలు వీసా పెట్టుకుని వెళ్లాలి, పైగా విదేశీ ప్రయాణం గురించి యూనిట్‌కి ముందే చెప్పాలి. తాతగారికి ఒంట్లో బాగాలేదని రాత్రికి రాత్రి ఫ్లైట్ ఎక్కడం కుదరకపోవచ్చు. మా మేనల్లుడి విషయంలో రెండు వారాలు మేం తర్జనభర్జన పడింది దీని గురించే. స్టేట్ గార్డ్‌లో చేరేవాళ్లు కూడా ఓసీఐ ఫారం నింపేముందు హ్యూస్టన్ కాన్సులేట్‌కి రాసి, జవాబు రాతలో తీసుకోండి.

ఉద్యోగం పోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. 1994 నాటి యుసెర్రా చట్టం ప్రకారం ఫెడరల్ డ్యూటీ నుంచి తిరిగొచ్చిన ఉద్యోగిని కంపెనీ మళ్లీ తీసుకోవాల్సిందే. 2021 నుంచి, 14 రోజులు, అంతకన్నా ఎక్కువ సాగిన స్టేట్ డ్యూటీకి కూడా నేషనల్ గార్డ్ వాళ్లకు అది వర్తిస్తోంది. స్టేట్ గార్డ్ వాళ్లకు టెక్సాస్ చట్టం రక్షణ ఇస్తుంది. టెక్సాస్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి 15 పనిదినాలు జీతంతో కూడిన మిలిటరీ సెలవు ఉంది. కాంట్రాక్టు మీద పనిచేసే కన్సల్టెంట్లు మాత్రం కాగితం మీద తమ యజమాని ఎవరో ముందే చూసుకోవాలి, చిక్కు అక్కడే వస్తుంది.

తిండి గురించి అమ్మలు తప్పకుండా అడుగుతారు. ప్యాకెట్ భోజనాల్లో 24 రకాలుంటే నాలుగు శాకాహారం. బతకొచ్చు, రుచి ఆశించకూడదు. గడ్డం, తలపాగా, పూజ లాంటి వాటికి మతపరమైన అనుమతి అడిగే పద్ధతి ఉంది. చేరకముందే అడిగితే తేలిక.

నా సలహా ఏమిటంటే, ఇరవై ఏళ్ల లోపు వాళ్లు, పౌరసత్వం ఉండి, ఒక నైపుణ్యం నేర్చుకోవాలనుకుంటే ఎయిర్ గార్డ్‌లో ఖాళీ కోసం ఆగండి. సైనికుడిగా బతకడమే కోరిక అయితే ఆర్మీ గార్డ్. నలభై దాటి, ఇల్లూ లోనూ ఉండి, ఈ నేల మీద ఇన్నాళ్లు బతికాం కాబట్టి ఏదైనా చేయాలనిపిస్తే స్టేట్ గార్డ్‌కి రండి. మూడింటిలో దేనికైనా, సంతకానికి ముందు ఆ యూనిట్‌లో ఇప్పుడున్న ఇద్దరితో రిక్రూటర్ లేకుండా మాట్లాడండి. గత ఐదేళ్లలో ఎన్నిసార్లు, ఎక్కడికి, ఎన్ని రోజులు వెళ్లారని అడగండి.

కాంట్రాక్టు కాగితాన్ని డీడీ ఫారం 4 అంటారు. దాన్ని మేం బల్ల మీద పెట్టుకుని వరసగా చదివాం. అందులో రెండు చోట్ల మా బావ పెన్ను ఆపాడు. ఒకటి, రాతలో లేని ఏ హామీ చెల్లదని. రెండోది, చట్టాలు చెప్పకుండానే మారవచ్చు, మారితే జీతం, లాభాలు, బాధ్యతలు ఈ కాంట్రాక్టులో ఏం రాసి ఉన్నా మారతాయని. మా బావ అప్పుడు తన గళ్ల కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు.

మా వాడు ఆర్మీ గార్డే ఎంచుకున్నాడు. "మామయ్యా, నాకు ఇద్దరి పిలుపూ ఒప్పే" అన్నాడు. ప్రమాణం రోజున మమ్మల్ని వెనక వరసలో కూర్చోబెట్టారు. వాడు కుడిచెయ్యి పైకెత్తి, అమెరికా రాజ్యాంగాన్నీ టెక్సాస్ రాజ్యాంగాన్నీ కాపాడతానని చెప్పి, తర్వాతి వాక్యంలో అమెరికా ప్రెసిడెంట్ ఆజ్ఞలకూ, టెక్సాస్ గవర్నర్ ఆజ్ఞలకూ కట్టుబడి ఉంటానన్నాడు. మా అక్క నా మోచెయ్యి పట్టుకుని, "ముందు ప్రెసిడెంట్ పేరే చెప్పాడ్రా" అంది.